పాత బోటు కొంటున్నారా? రంగు చూసి పడిపోకండి!

ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్డు రైల్వేస్టేషన్‌లో కాసేపు కూర్చుంటే చాలు, జిల్లా వలస కథ కళ్ల ముందే కనిపిస్తుంది. సంచులు సర్దుకుని చెన్నై వైపో, గుజరాత్‌లోని వీరావల్ వైపో బయల్దేరే మత్స్యకార కుర్రాళ్లు ఇక్కడే రైలెక్కుతారు. 193 కిలోమీటర్ల తీరం ఉన్న జిల్లా ఇది. అయినా పరాయి రాష్ట్రంలో పరాయి ఓనరు బోటు మీద పని చేయాల్సిన పరిస్థితి. 2018 నవంబరులో అలా వెళ్లినవాళ్లే పాకిస్థాన్ అధికారులకు చిక్కారు. 2020 జనవరిలో ఇరవై మంది వాఘా దాటి వచ్చేదాకా ఇక్కడి ఇళ్లలో కంటి మీద కునుకు లేదు.

అందుకే నాలుగు డబ్బులు వెనకేసుకున్న ప్రతి కుర్రాడి మనసులో ఒకటే మాట: "మనకంటూ ఓ బోటు ఉంటే చాలు." కొత్త ఫైబర్ బోటు, ఇంజిను, వలలు అన్నీ కలిపితే లక్షల్లో తేలుతుంది. దాంతో చూపు సెకండ్ హ్యాండ్ మీదికి వెళ్తుంది. అందులో తప్పేం లేదు. కాకపోతే ఇది పాత బైకు కొన్నట్టు కాదు. బైకు ఆగిపోతే తోసుకుంటూ ఇంటికి వచ్చేయొచ్చు. ఒడ్డు కనిపించనంత దూరంలో బోటు ఆగితే తోసేవాళ్లెవరు? కాబట్టి అడ్వాన్సు చేతిలో పెట్టకముందే ఇవి చూసుకోండి.

ఎప్పుడు చూడాలి?

మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజులూ బోట్లు ఒడ్డునే ఉంటాయి. కొనేవాళ్లకు ఇదే మంచి టైమ్. నీళ్లలో తేలుతున్న బోటుకి సగం ఒళ్లు దాక్కునే ఉంటుంది. ఒడ్డు మీదైతే అడుగు భాగం దాకా అన్నీ చూడొచ్చు. తొందర పెట్టే వేట ఉండదు కాబట్టి నాలుగు బోట్లు పోల్చి చూసుకునే తీరికా దొరుకుతుంది.

కొత్తగా రంగేసిన బోటు కనిపిస్తే ముచ్చటపడకండి, అనుమానపడండి. పగుళ్లు, అతుకులు రంగు కింద హాయిగా దాక్కుంటాయి. 2018లో తిత్లీ, 2021లో గులాబ్ తుపాన్లు ఈ తీరాన్ని కొట్టాయి. ఆ రోజుల్లో ఈ బోటు ఎక్కడుంది, దెబ్బ తగిలిందా, ఎవరు బాగుచేశారు అని నేరుగా అడిగేయండి. అమ్మేవాడు చెప్పకపోయినా పక్క బోటువాళ్లు చెప్తారు.

తట్టి చూడండి

ఫైబర్ బోటంటే గాజు పీచు పొరల్ని రెజిన్‌తో అతికించి చేసిన ఒళ్లు. పైన నున్నగా మెరిసేది జెల్‌కోట్. దాన్ని బోటుకి చర్మం అనుకోండి. ఇసుక మీదికి లాగినప్పుడల్లా అడుగున ఆ చర్మం అరుగుతుంది. అరిగిన చోట ఉప్పునీరు మెల్లగా లోపలి పొరల్లోకి దిగుతుంది.

దీన్ని పట్టుకోవడానికి పెద్ద మిషన్లేం అక్కర్లేదు. స్క్రూడ్రైవర్ పిడితో ముక్కు నుంచి వెనక దాకా జానెడు జానెడు దూరంలో తట్టుకుంటూ వెళ్లండి. "టక్ టక్"మని గట్టిగా పలికితే ఓకే. ఎక్కడైనా "డబ్ డబ్"మని బోలుగా వినిపిస్తే అక్కడ పొరలు విడిపోయి ఉండొచ్చు. ఆ చోట సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి. బొబ్బలు కూడా వెతకండి. బొబ్బ పగిలి వెనిగర్ లాంటి పుల్లటి వాసన వస్తే నీరు లోపలికి దిగినట్టే. చిన్నవి ఒకటి రెండు ఉంటే మేస్త్రీ బాగుచేస్తాడు. ఒళ్లంతా ఉంటే దండం పెట్టి వచ్చేయండి.

ఇంకో టెస్టు ఉంది. "దీన్ని నీళ్లలోకి దించడానికి ఎంతమంది కావాలి?" అని అక్కడి కలాసీలను అడగండి. అదే సైజు బోటుకంటే ఎక్కువమంది పట్టాల్సి వస్తోందంటే లోపలి ఫోమ్ నీళ్లు తాగి బరువెక్కి ఉండొచ్చు. అలాంటి బోటు డీజిలూ ఎక్కువ తాగుతుంది, కెరటాల్లో తేలడానికీ బద్ధకిస్తుంది.

వెనక పలక, ఇంజిను

బయట ఇంజిను తగిలించే బోట్లలో భారమంతా వెనక పలక మీదే పడుతుంది. చాలా బోట్లకు ఆ ఫైబర్ లోపల చెక్క ఉంటుంది. బోల్టు రంధ్రాల్లోంచి నీరు దిగితే బయటికి బాగానే ఉన్నా లోపల చెక్క కుళ్లిపోతుంది. ఇంజినును రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందకీ ఊపండి. దాంతోపాటు పలక కూడా కదిలినా, బోల్టుల చుట్టూ గీతల్లాంటి పగుళ్లు ఉన్నా అది పెద్ద ఖర్చే.

ఇంజిను స్టార్ట్ చేయకముందే చెయ్యేసి చూడండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే ఒకసారి నడిపి ఉంచారన్నమాట. చల్లటి ఇంజిను ఎన్ని గుంజులకు స్టార్ట్ అవుతుందో, అదే దాని అసలు ఆరోగ్యం. అవుట్‌బోర్డ్ అయితే పక్కనుంచి చల్లదనం నీటి ధార సన్నగా, ఆగకుండా రావాలి. గేర్ ఆయిల్ కాస్త బయటికి తీయించండి. పాల టీలా తెల్లగా ఉంటే సీలు పోయి నీరు కలిసిందని అర్థం. ఫ్యాను ఇరుసుకి వల దారం చుట్టుకుని ఉందేమో చూడండి. ఆ సీలును కోసేసేది ఎక్కువగా అదే.

చుక్కానిని చిన్నచూపు చూడొద్దు

దీనికి ఓ పెద్ద ఉదాహరణ ఉంది. మన నేవీ తెరచాప పడవ ‘తారిణి’ మీద 2017 సెప్టెంబరులో ఆరుగురు మహిళా అధికారులు ప్రపంచయాత్రకు వెళ్లారు. వాళ్లలో విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. ఏడాది తిరక్కముందే, 2018 ఏప్రిల్‌లో, స్టీరింగ్ మొరాయించింది. దారి మార్చి మారిషస్‌లోని పోర్ట్ లూయిస్‌లో ఆగి, బాగుచేయించుకుని, మే నెలలో గోవా చేరారు. అదే తారిణి 2024 అక్టోబరులో ఇద్దరు అధికారులతో మళ్లీ బయల్దేరి, 2025 మేలో రెండో చుట్టు పూర్తిచేసింది.

దీన్నిబట్టి రెండు సంగతులు తెలుస్తాయి. దాదాపు కొత్త బోటుకైనా చుక్కాని దెబ్బ తినొచ్చు. సరిగ్గా చూసుకుంటే పాత బోటైనా ప్రపంచం చుట్టి రావొచ్చు. కాబట్టి "ఎన్నేళ్లది?" అన్న ప్రశ్న ఒక్కటే చాలదు, "ఎలా చూసుకున్నారు?" అనీ అడగాలి. చుక్కాని పట్టుకుని అటూ ఇటూ తిప్పండి. మధ్యలో వదులు తగిలినా, కిర్రుమన్నా ఎందుకో తేల్చుకోండి. సరదా కోసం తెరచాప పడవ కొనేవాళ్లకూ ఇవే రూల్స్. వాళ్లు వీటితోపాటు తెరచాప కొయ్యను నిలబెట్టే తీగల వయసు, అడుగున బరువును పట్టుకున్న బోల్టుల తుప్పు కూడా చూసుకోవాలి.

కాగితాలు

బోటు మీద రాసిన రిజిస్ట్రేషన్ నంబరు, సర్టిఫికెట్ మీది నంబరు, ఇంజిను మీద చెక్కిన నంబరు ఈ మూడూ కాగితాలతో సరిపోవాలి. బ్యాంకు అప్పు ఉంటే తీరినట్టు లెటర్ అడగండి. సబ్సిడీ మీద తీసుకున్న బోటైతే అమ్మడానికి షరతులేమైనా ఉన్నాయా అని మత్స్యశాఖ ఆఫీసులో కనుక్కోండి. పేరు మారకపోతే డీజిల్ సబ్సిడీ దగ్గర్నుంచి తుపాను పరిహారం దాకా అన్నిటికీ మీరు పాత ఓనరు ఇంటి చుట్టూ తిరగాల్సిందే.

నలుగురు ఫ్రెండ్స్ కలిసి కొంటున్నారా? ఎవరి వాటా ఎంత, రిపేరు ఖర్చు ఎవరిది, ఒకరు తప్పుకుంటే ఏంటి అన్నది ముందే రాసుకోండి. స్నేహం కూడా మిగులుతుంది.

ట్రయల్, ఇంటికి తేవడం

ఖాళీ బోటు ఎప్పుడూ హుషారుగానే పరిగెడుతుంది. వలలు, ఐసు, మనుషుల బరువు వేసి కనీసం గంట నడిపించండి. ఊళ్లో అనుభవం ఉన్న సరంగుని బతిమాలైనా వెంట తీసుకెళ్లండి. తిరిగొచ్చాక అడుగున ఎన్ని నీళ్లు చేరాయో చూడండి.

కొన్నాక ఆత్రం వద్దు. 2021 సెప్టెంబరులో పలాస ప్రాంతానికి చెందిన ఆరుగురు, అప్పుడే కొన్న బోటుతో ఒడిశా నుంచి సముద్రం మీదుగా వస్తూ గులాబ్ తుపానులో చిక్కుకున్నారు. వాళ్లలో అందరూ ప్రాణాలతో ఇల్లు చేరలేదు. మన హైదరాబాద్‌లోనే ఉన్న ఇన్‌కాయిస్ కెరటాల ఎత్తు, గాలి సూచనలు రోజూ ఇస్తుంది. వాళ్ల ‘సముద్ర’ యాప్ ఫోన్లో వేసుకోండి. లైఫ్ జాకెట్లు బోటు ధరలో భాగం అనుకుని ముందే కొనేయండి.

చివరిగా బేరం సంగతి. సుద్దముక్క గుర్తులన్నీ ఫోన్లో ఫొటోలు తీసి మేస్త్రీకి, మెకానిక్‌కి చూపించి రిపేరు లెక్క వేయించండి. అడిగిన ధరలోంచి ఆ లెక్క తీసేస్తే మిగిలేదే బోటు అసలు ధర. అమ్మేవాడు దానికి ఒప్పుకోకపోయినా, తట్టి చూడనివ్వకపోయినా, ట్రయల్‌కి సాకులు చెప్పినా ఇంకో బోటు చూసుకోండి. ఒడ్డు మీద "వద్దు" అన్నందుకు మీకు పోయేదేమీ లేదు.