వాసన లేని వాయువును పసిగట్టే కిరణం

పిల్లలూ! వంటింట్లో గ్యాస్ లీకైతే అమ్మ వెంటనే పసిగడుతుంది కదా! నిజానికి ఆ వాయువుకు దాదాపు వాసన ఉండదు. మనల్ని హెచ్చరించడానికే అందులో ఇథైల్ మెర్కాప్టాన్ అనే కంపు పదార్థాన్ని కొద్దిగా కలుపుతారు. భూమిలోంచి తీసే సహజవాయువులో ముఖ్యభాగమైన మీథేన్‌కు కూడా రంగు, వాసన లేవు. మా రామకుప్పం వైపు పల్లెల్లో గోబర్ గ్యాస్ పొయ్యిలో నీలిమంటతో మండేది ఈ మీథేనే.

2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామంలో సహజవాయువు గొట్టం లీకై, వాయువు చుట్టుపక్కల వ్యాపించింది. నిప్పంటుకోగానే ఇళ్ళు, కొబ్బరిచెట్లు కాలిపోయాయి. 20 మందికి పైగా మరణించారు. ముక్కుకు అందని వాయువును ముందే కనిపెట్టే ఉపాయం లేదా? ఉంది. అదే లేజర్ కిరణం.

మీథేన్ అణువులో ఒక కార్బన్, నాలుగు హైడ్రోజన్ పరమాణువులు ఉంటాయి. వాటి మధ్య బంధాలు స్ప్రింగుల వలె కంపిస్తుంటాయి. ఉయ్యాలను దాని ఊపుకు తగినట్లు తోస్తేనే ఎత్తుకు పోతుంది. అట్లాగే, తన కంపనానికి సరిపోయే కిరణాన్నే అణువు శోషించుకుంటుంది. మీథేన్ గట్టిగా శోషించేది 3.3 మైక్రాన్ల ప్రాంతంలోని పరారుణ కిరణాన్ని. కార్బన్ డయాక్సైడ్‌కు ఇది సుమారు 4.3, కార్బన్ మోనాక్సైడ్‌కు సుమారు 4.7. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. ఈ కిరణాలు మన కంటికి కనబడవు.

డయోడ్ లేజర్ బియ్యపుగింజ కన్నా చిన్నదైన అర్ధవాహకపు ముక్క. దీని నుంచి దాదాపు ఒకే తరంగదైర్ఘ్యం గల కిరణం వస్తుంది. అందులో పారే విద్యుత్తునుగాని, దాని ఉష్ణోగ్రతనుగాని కాస్త మారిస్తే తరంగదైర్ఘ్యం కూడా కాస్త జరుగుతుంది. రేడియో మర తిప్పి స్టేషన్ పట్టినట్లన్నమాట! ఇలా జరుపుతూ కిరణాన్ని గాలిలోకి పంపితే, మీథేన్ ఉన్నచోట సరిగ్గా దాని తరంగదైర్ఘ్యం దగ్గరే వెలుగు తగ్గుతుంది. ఆ తగ్గుదలను కొలిచి వాయువు ఎంత ఉందో లెక్కగడతారు. మరి దుమ్ము అడ్డొస్తే? అప్పుడు పక్కనున్న తరంగదైర్ఘ్యాలు కూడా ఒకేలా తగ్గుతాయి. కనుక పరికరం మోసపోదు.

1960ల నుంచే సీసపు లవణాలతో ఇటువంటి డయోడ్లు తయారుచేశారు. కాని వాటిని విపరీతంగా చల్లబరచవలసి వచ్చేది. 1994లో అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో క్వాంటమ్ కాస్కేడ్ లేజర్ పుట్టింది. ఆ తరువాత మామూలు ఉష్ణోగ్రతలోనే పనిచేసే లేజర్లు వచ్చాయి. 2012లో అంగారకుడిపై దిగిన క్యూరియాసిటీ రోవర్ కూడా 3.27 మైక్రాన్ల లేజర్‌తోనే అక్కడ మీథేన్‌ను వెదికింది.

లేజర్లను వాహనాలపై అమర్చి వాయువు గొట్టాల వెంట తనిఖీ చేయడం ఇప్పుడు సాధ్యమే. అంగారకుడి మీద వెదికిన కిరణం మన ఊళ్ళ పక్కన కూడా కాపలా కాయాలి కదా! అంతదాకా మన జాగ్రత్త మనది. ఇంట్లో గ్యాస్ వాసన వస్తే అగ్గిపుల్ల గీయకండి, స్విచ్చు ముట్టుకోకండి. తలుపులు, కిటికీలు తెరిచి పెద్దలకు చెప్పండి.