తిట్టొక్కటే మందు కాదు

"కొడుకు కాలేజీకి పోవట్లేదు, తల్లి మాట వినట్లేదు." క్యాంపుల్లో మేము తరచూ వినే బాధ ఇది. భార్య ఫోన్‌లో చెబుతుంది, ఇక్కణ్ణుంచి తండ్రి తిడతాడు, పిల్లవాడు తల్లిపై మరింత కోపం పెంచుకుంటాడు.

అమెరికా వైద్యుడు ముర్రే బోవెన్ 1950లలో రోగులతోపాటు వారి ఇంటివాళ్లనూ ఆసుపత్రిలో ఉంచి గమనించాడు. ఇద్దరి మధ్య గొడవ ముదిరితే మూడోవాళ్లను లాగుతారన్నాడు. అందుకే ఫ్యామిలీ థెరపీలో పిల్లవాణ్ణి ఒక్కణ్ణే తప్పుపట్టరు, ఇంటివాళ్లందరితో మాట్లాడతారు.

దూరంగా ఉన్నా మనం చేయగలిగింది ఉంది. సెలవు రోజున కొడుకుతోనే నేరుగా మాట్లాడదాం. ముందు వాడు చెప్పేది విందాం. డబ్బు, సెల్‌ఫోన్ విషయాల్లో ఆలుమగలం ఒకే మాట మీద ఉందాం.

అయినా మార్పు రాకపోతే, ఊళ్లోని ఇంటివాళ్లను 14416కు ఫోన్ చేయమందాం. 2022లో మొదలైన టెలి మానస్ అది. ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.