షార్ పేరు వెనక ఒక ఎమ్మే లిటరేచర్

"సీఎస్ఈ చదువుతూ తెలుగు క్లబ్ ఏంట్రా?" అనేవాళ్ళకి నా జవాబు: మన తీరంలో శ్రీహరికోట షార్‌కి పెట్టింది ఎవరి పేరు? సతీష్ ధవన్. ఆయన లెక్కలు, ఫిజిక్స్, మెకానికల్‌తోపాటు ఇంగ్లిష్ లిటరేచర్‌లో ఎమ్మే కూడా చేశారు! తర్వాత బెంగళూరులో విమానాల ఫ్యాక్టరీ, పాఠాలు చెప్పడం, 1972 నుంచి ఇస్రో.

1979 ఆగస్టు 10న ఎస్ఎల్‌వీ-3 సముద్రంలో పడింది. మిషన్ డైరెక్టర్ కలాం. ప్రెస్ ముందుకి మాత్రం ధవనే వెళ్ళి బాధ్యత నెత్తిన వేసుకున్నారు. 1980 జులై 18న సక్సెస్ అయ్యాక కలాంనే మాట్లాడమన్నారు. ఇది కలాం చాలాసార్లు చెప్పిందే. ఎప్పుడు ఎవరు మాట్లాడాలో రాకెట్ లెక్కల్లో ఉండదు కదా, ఆ ఎమ్మేలోంచే వచ్చిందేమో అని నా డౌట్.

ఇస్రో వదిలాక పక్షులు ఎలా ఎగురుతాయో పుస్తకం రాశారు. షార్‌కి వెళ్ళే రోడ్డు పులికాట్ మీదుగానే, చలికాలంలో ఫ్లెమింగోలు కనిపిస్తాయి.