పాతబడిన కొత్తపేట

విజయవాడలో రాత్రి బస్సెక్కినవారికి తెల్లవారుజామున మొదట వినిపించే హైదరాబాదు పేరు ‘‘ఎల్.బి. నగర్! ఎల్.బి. నగర్ వాళ్లు దిగండి!’’ అన్న కేక. పిల్లల్ని లేపుకుని, ఆవకాయ జాడీ ఒడిలో పెట్టుకుని సగం బస్సు అక్కడే దిగిపోతుంది. కోస్తా జిల్లాలవారూ, నల్లగొండ, ఖమ్మం వారూ ఈ తూర్పు కొసను ఎంతగా ఆక్రమించుకున్నారంటే, ‘‘మా కొత్తపేటకు సముద్రం ఒక్కటే తక్కువ’’ అని హాస్యమాడే పెద్దమనుషులున్నారు. సముద్రం లేని మాట నిజమే గాని, నీటి సంబంధం మాత్రం గట్టిదే. ఈ పేటల కథంతా ఒక చెరువు చుట్టూ నడిచిన కథ.

ఆ చెరువు సరూర్‌నగర్ చెరువు. కుతుబ్‌షాహీల కాలంలో, 1626లో, పొలాలకు నీరివ్వడానికి దీన్ని తవ్వించారు. తర్వాత నిజాముల కాలంలో దివానుగిరీ చేసిన అరస్తూజా భార్య సురూర్ అఫ్జా పేరు మీదుగా సరూర్‌నగర్ అన్న పేరు వచ్చింది. దాపున ఉన్న మూసారాంబాగ్ పేరు వెనుక ఒక ఫ్రెంచి దొర ఉన్నాడు. నిజాం కొలువులో సేనాధిపతిగా ఉండి 1798లో మరణించిన రేమండ్ దొరను ముసల్మానులు ‘మూసా రహీం’ అన్నారు, హిందువులు ‘మూసారాం’ అన్నారు. ఫ్రెంచి దొర కాస్తా మన రాముడైపోయాడు!

కొత్తపేట దగ్గరి విక్టోరియా మెమోరియల్ అనాథ శరణాలయం మరొక పాత గుర్తు. 1901లో విక్టోరియా రాణి పోయిన తర్వాత, మహబూబ్ అలీ పాషా ఏలుబడిలో, ఆమె జ్ఞాపకార్థం వెలసింది. నేడు ఆ ఎదుట ఆగే మెట్రో స్టేషనుకూ ఆ పేరే పెట్టారు. ఇక దిల్‌సుఖ్‌నగర్ ఒకప్పుడు పొలం. దిల్‌సుఖ్ రాం పర్షాద్ అనే ఆసామి తన భూమిని ఇళ్ల స్థలాలుగా విడగొట్టగా, ఆయన పేరే ఊరి పేరయింది. ఎల్.బి. నగర్ అంటే లాల్ బహదూర్ నగర్, మన శాస్త్రిగారి పేరు. పొడి అక్షరాల వాడుకలో పాపం ఆయన్ను ఎవరూ తలచుకోరు.

1956లో హైదరాబాదు ఆంధ్రప్రదేశ్ రాజధాని కాగానే కర్నూలు నుంచి కచేరీలు తరలివచ్చాయి. వాటి వెనుక గుమాస్తాలూ, గుమాస్తాల వెనుక బంధువులూ వచ్చారు. విజయవాడ రోడ్డు పక్కన ఇల్లు కట్టుకుంటే పండుగకు ఊరెళ్లడం సులువు, పైగా స్థలం చవక. భవిష్యనిధి అప్పూ, ఆవిడగారి గాజులూ కలిస్తే నూట యాభై గజాలు చేతికి వచ్చే రోజులవి. అలా ఒక్కొక్క ఇల్లే లేచి కాలనీలయ్యాయి.

1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్‌లో చోటు చాలక పండ్ల వ్యాపారం 1980 దశకంలో కొత్తపేటకు తరలివచ్చింది. అప్పటి నుంచి వేసవి వచ్చిందంటే బంగినపల్లి పరిమళం మెయిన్ రోడ్డు దాకా కొట్టేది. లారీల రద్దీని తిట్టుకుంటూనే గృహిణులు బుట్టల కొద్దీ కొనేవారు. 2021లో ఆ మార్కెట్టూ ఊరవతల బాటసింగారానికి వెళ్లిపోయింది. ఆ స్థలంలో పెద్దాసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. అంతకు ముందే, 2007లో, ఎల్.బి. నగర్, గడ్డిఅన్నారం పురపాలక సంఘాలు మహానగరంలో కలిశాయి. 2018 సెప్టెంబరులో ఎల్.బి. నగర్ దాకా మెట్రో రైలు వచ్చింది. పొలిమేర నడిబొడ్డయింది.

మరి చెరువు సంగతి? ఒకప్పుడు 99 ఎకరాలుగా ఉన్న సరూర్‌నగర్ చెరువు ఇళ్ల మధ్య నలిగి దాదాపు 25 ఎకరాలు పోగొట్టుకుంది. నలువైపుల కాలనీల మురుగు అందులో కలిసింది. 2003–04లో ‘హుడా’ వారు దాన్ని బాగుచేయించి, గట్టున నడకదారీ, చెట్లూ ఏర్పాటు చేశారు. ఏటా వినాయకుల నిమజ్జనం నాడు ఊరంతా అక్కడే ఉంటుంది. మిగతా రోజులలో ఆ పక్కకు తిరిగి చూసేవారు కొద్దిమందే.

మనం మరిచినా నీరు మరవలేదు. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన కుంభవృష్టికి మీర్‌పేట వైపు నుంచి వచ్చిన వరద సరూర్‌నగర్ చెరువును నింపి, పల్లానికి దూకింది. కోదండరాంనగర్ వంటి కాలనీలలో వీధులు కాలువలయ్యాయి. ముప్పై ఏళ్లు కూడబెట్టి కొన్న సామాను, పెళ్లినాటి ఫోటోలతో సహా, ఒక్క రాత్రిలో బురదపాలయింది. వాననో, అధికారులనో తప్పుపట్టడం సులువే. కాని ఆ నీరు వచ్చినది కొత్త దారిన కాదు. ఎగువ చెరువు నిండి దిగువ చెరువుకూ, అక్కడ నుంచి మూసీకీ పోయే దారి నాలుగు వందల ఏళ్ల నాటిది. ఆ దారికి అడ్డంగా ఇళ్లు కట్టుకున్నది మనమే. తర్వాత 2021 నుంచి నాలాల విస్తరణ పథకం మొదలయింది. మంచిదే. అయితే ఎంత పెద్ద నాలా తవ్వినా, చెరువు పట్టవలసిన నీరంతా అది పట్టదు.

మన ఇళ్లలో ఒక ఆచారముంది. స్థలం చూడడానికి వెళ్లగానే ఈశాన్యం ఏదని అడుగుతాం. సింహద్వారం ఎటు, వీధిపోటు ఉందా, బావి ఏ మూల రావాలి అని సిద్ధాంతిగారిని పిలిచి మరీ తెలుసుకుంటాం. ‘‘వానొస్తే నీరెటు పోతుందండీ?’’ అని మాత్రం ఎవరినీ అడగం. ఆ వీధిలోనే అరుగు మీద కూర్చున్న తాతగారికి ఆ సంగతి వాస్తు శాస్త్రం కంటే బాగా తెలుసు. పైసా ఖర్చు లేకుండా చెబుతారు కూడా.

తెలుగునాట కొత్తపేటలకు లోటు లేదు. గుంటూరులో ఒకటి, విజయవాడలో ఒకటి, కోనసీమలో ఒకటి. పాత ఊరు చాలక పక్కన వెలసిన ప్రతి పేటా ఒకనాటి కొత్తపేటే. మన కొత్తపేటా ఇప్పుడు పాతబడింది. ఇంకా తూర్పుగా, విజయవాడ రోడ్డు పొడవునా రోజుకొక కొత్తపేట లేస్తున్నది. అక్కడా చెరువులున్నాయి. అక్కడా తాతగార్లున్నారు. అడిగేవారే కావాలి.