మీకు తెలుసా? మనసు జబ్బుకు ఊళ్లో వైద్యం

మాసిన బట్టలతో, తనలో తానే మాట్లాడుకుంటూ ఒక మనిషి డోర్నకల్ జంక్షన్‌లో రైలు దిగాడనుకోండి. ఏ ఊరని అడిగితే చెప్పలేడు. "మనకెందుకులే" అని తప్పుకుంటాం. కానీ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ ప్రకారం పోలీసులు అతణ్ని 24 గంటల్లోగా ప్రభుత్వ ఆస్పత్రికి చేర్చాలి. లాకప్‌లో పెట్టకూడదు. తప్పిపోయిన మనిషిగా ఎఫ్‌ఐఆర్ కట్టి, ఇంటివాళ్లను వెతకాల్సిన బాధ్యత కూడా స్టేషన్ అధికారిదే.

ఇలా దారి తప్పినవాళ్లకు వైద్యం చేసి, సొంత ఊళ్లకు చేర్చినందుకే డాక్టర్ భరత్ వాత్వానీకి 2018లో మెగసెసే అవార్డు వచ్చింది. ఆయన సంస్థ పేరు 'శ్రద్ధ', దాని కేంద్రం మహారాష్ట్రలోని కర్జత్‌లో ఉంది.

మరి ఇల్లు చేరాక?

అసలు కథ అక్కడే మొదలవుతుంది. చెవిలో వినిపించే గొంతులు గోలీలతో తగ్గుతాయి. పొద్దున్నే లేచి స్నానం చేయడం, దుకాణానికెళ్లి సామాను తెచ్చి చిల్లర లెక్క చూసుకోవడం, నలుగురిలో కూర్చోవడం మాత్రం గోలీలతో వచ్చేవి కావు. తమిళనాడు, గోవా, మహారాష్ట్రలోని సతారాలో స్కిజోఫ్రెనియా (ఇలా లేని గొంతులు వినిపించే మనసు జబ్బు) ఉన్న 282 మందితో ఒక అధ్యయనం జరిగింది. కొందరికి మామూలు ఆస్పత్రి వైద్యం అందింది. మిగతావాళ్లకు దానితో పాటు, శిక్షణ పొందిన స్థానిక కార్యకర్తలు ఇంటికి వచ్చేవారు. వీళ్లు డాక్టర్లు కారు. గోలీలు వేసుకుంటున్నారా, తిండీ నిద్రా ఎలా ఉన్నాయి, ఏ పని మొదలుపెట్టగలరు అని ఇంటివాళ్లతో కలిసి మాట్లాడేవారు. ఏడాది తర్వాత చూస్తే రెండోవాళ్ల పరిస్థితే మెరుగు. తేడా బ్రహ్మాండమేమీ కాదు. కానీ ఆ తేడా ఎక్కువగా కనిపించింది తమిళనాడు పల్లెల్లో. సైకియాట్రిస్టు దూరంగా ఉన్న మనలాంటి చోట్లు తీసుకోవాల్సిన కబురు ఇదే. 2014లో ఈ ఫలితాలు 'లాన్సెట్' పత్రికలో అచ్చయ్యాయి.

చెన్నైలోని 'ది బన్యన్' సంస్థ ఇంకో అడుగు వేసింది. ఏళ్ల తరబడి ఆస్పత్రిలోనే ఉండిపోయిన ఆడవాళ్లను నలుగురైదుగురు చొప్పున మామూలు వీధుల్లో అద్దె ఇళ్లకు మార్చింది. వండుకోవడం, అంగడికి వెళ్లడం, పక్కింటివాళ్లతో ముచ్చట్లు అన్నీ వాళ్లవే. బెల్జియంలోని గీల్ పట్టణంలోనైతే ఇలాంటివాళ్లను ఇంట్లో పెట్టుకునే ఆనవాయితీ వందల ఏళ్లుగా ఉంది.

మనసు జబ్బు ఉన్నవాళ్లను గొలుసులతో కట్టేయడం నేరమని తెలుసా? 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో అలాంటివాళ్లను ఉంచిన షెడ్డుకు నిప్పంటుకుంటే, గొలుసులతో ఉన్నవాళ్లు తప్పించుకోలేక చనిపోయారు. ఇప్పుడు 2017 చట్టంలోని 95వ సెక్షన్ గొలుసులను పూర్తిగా నిషేధించింది.

సలహా కావాలంటే 14416కు ఫోన్ చేయండి. టెలి మానస్ అనే ఈ హెల్ప్‌లైన్ 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు.

ఇక వైకల్య సర్టిఫికెట్ సంగతి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక వ్యాధికీ చోటుంది, వైకల్యం కనీసం 40 శాతం ఉంటే సర్టిఫికెట్‌తో ప్రయోజనాలు అందుతాయి. లెక్క కట్టేటప్పుడు ముఖ్యంగా నాలుగు విషయాలు చూస్తారు: తన పనులు తాను చేసుకుంటాడా, మనుషులతో ఎలా ఉంటాడు, మాట అర్థం చేసుకుని బదులిస్తాడా, పనికి వెళ్తాడా. డాక్టరు ఎదుట చాలామంది బుద్ధిగా కూర్చుని "అంతా బాగానే ఉంది సార్" అంటారు. అందుకే సర్టిఫికెట్ క్యాంపుకు వెళ్లేటప్పుడు రోజూ ఇంట్లో చూసే అమ్మనో, భార్యనో వెంట తీసుకెళ్లండి, పాత మందుల చీటీలతో సహా.