మావయ్యా, నువ్వెవర్ని చేసుకుంటావు?

వీడియో ఆటలు పిల్లల్ని పాడుచేస్తాయని మీరందరూ వినే వుంటారు. పిల్లల మాటేమో గాని, మొన్న వేసవి సెలవుల్లో ఒక ఆట నలభై దాటిన నన్ను పెద్ద ఇరకాటంలో పెట్టింది. ఆ సంగతి చెప్పేముందు నా గురించి రెండు ముక్కలు.

ఒంగోలు వైపు వాణ్ణి. కాలేజీలో తెలుగు పాఠాలు చెబుతాను. అయిదు తరాలుగా క్రైస్తవులం. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలే నాకు జోలపాటలు. పెళ్ళి కాలేదు. నా మనస్సు ఆడపిల్లల మీదికి ఎన్నడూ పోలేదు. పోయినప్పుడల్లా మగవాళ్ళ మీదికే పోయింది. ఇంగ్లీషువాళ్ళు దీనికి ‘గే’ అని చిన్న మాట పెట్టుకున్నారు. మనకున్న మాటల్లో ఒకటి రెండు వైద్యగ్రంథాల్లోంచి దిగినట్టుంటాయి, తక్కినవి తిట్లు. తెలుగు మేష్టరుకి ఇంతకన్న చిన్నతనం ఏముంటుంది చెప్పండి! ఈ వ్యాసం కింద నా పేరు కనిపించదు. కారణం మీరు ఊహించుకోగలరు.

2006లో, ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, ‘సివిలైజేషన్’ అనే ఆటలో నాలుగోది కొన్నాను. ఆరువేల ఏళ్ళ మానవచరిత్రని మన చేతికిచ్చి, ఒక జాతిని నడుపుకోమంటుంది. ఆట తెరవగానే ఒక బృందగానం. ‘బాబా’ అని ఎత్తుకోగానే షిరిడీ బాబాగారి భజన కాబోలు అనుకున్నాను. తీరా కనుక్కుంటే అది స్వాహిలీ భాషలో మన పరలోక ప్రార్థన! ‘బాబా యేతు’ అంటే మా తండ్రీ అని అర్థమట. క్రిస్టఫర్ టిన్ అనే ఆయన స్వరపరిచాడు. 2011లో దానికి గ్రామీ బహుమానం వచ్చింది. వీడియో ఆట కోసం కట్టిన పాటకి ఆ గౌరవం దక్కడం అదే మొదలు.

అప్పటికి నేను ప్రార్థన మానేసి రెండేళ్ళయింది. ఒక సభలో ఒక ప్రసంగీకుడు నా వంటివాళ్ళకి నరకంలో ఎంత లోతున చోటుందో కొలిచినట్టు చెప్పాడు. అమ్మ పక్కనే కూర్చుని ‘ఆమెన్’ అంది, పాపం, నా సంగతి తెలియక. ఆ రాత్రి నుంచీ నా నోరు పెగల్లేదు. అలాంటిది, ఎవరో ఆఫ్రికా భాషలో పాడుతుంటే నా పెదవులు వాటంతటవే తెలుగులో కదిలాయి.

ఆ ఆటలో ఒక చిత్రం వుంది. దైవశాస్త్రమనే విద్యని ముందుగా ఏ జాతి సాధిస్తే, ఆ జాతి నగరంలో క్రైస్తవం పుడుతుంది. చరిత్రలో జరిగింది సరిగ్గా తలకిందులు. బెస్తవాళ్ళు వలలు వదిలేసి ఆయన వెంట నడిచిననాడు దైవశాస్త్రం ఎక్కడిది? పౌలుగారి ఉత్తరాలు తరువాతి మాట, నికేయ సభ 325 నాటి మాట. మావాళ్ళ సంగతీ అంతే. 1876లో మొదలైన కరువులో క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో కొంతమేర కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించారు. 1878లో ఒంగోలు ప్రాంతాన వేలమంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళెవరూ సిద్ధాంతం చదివి రాలేదు.

మరి గ్రంథంలో రాసి వుంది గదా అంటారు. రాసి వుంది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో మన తెలుగు బైబిలు ‘ఆడంగితనము’ అన్నచోట గ్రీకులో వున్న మాటకి ‘మెత్తన’ అని అర్థం. మత్తయి సువార్తలో రాజగృహాలవాళ్ళు కట్టే బట్టలకి వాడింది ఆ మాటే. అక్కడ మనవాళ్ళు ‘సన్నపు’ అని సరిపెట్టారు. బట్టకి సన్నం, మనిషికి ఆడంగితనం! దాని పక్కనున్న రెండో మాట పౌలుగారికి ముందు ఎక్కడా దొరకదు. దాని అర్థం మీద పండితులు ఈనాటికీ తగవు పడుతున్నారు. ఈ రెండింటినీ ముడివేసి 1946లో అమెరికావారి రివైజ్డ్ స్టాండర్డ్ వెర్షన్ ‘హోమోసెక్షువల్స్’ అని వేసింది. ఆ మాట అసలు అచ్చులోకి వచ్చిందే 1869లో. 1971 ముద్రణలో తీసేసి వేరే మాట పెట్టారు. పౌలుగారు నన్ను మెచ్చుకునేవారని నేను బుకాయించను. కాని నన్ను తిట్టిన మాటకి వయస్సెంతో తెలిశాక, మళ్ళీ గుడిలో బెంచీ మీద కూర్చోగలిగాను.

చట్టం సంగతి అందరికీ తెలిసిందే. 1860 నాటి శిక్షాస్మృతిలో దొరలు రాసిపెట్టిన 377వ సెక్షను. వాళ్ళ దేశంలో వాళ్ళు 1967లో సడలించుకున్నారు. మనం మాత్రం 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా భద్రంగా దాచుకున్నాం. పెళ్ళి హక్కు మాత్రం 2023లో ఆ కోర్టే ఇవ్వలేనంది. తీర్పు వచ్చిన సాయంత్రం అక్కతో చెప్పాను. చాలాసేపు వూరుకుని, “అమ్మకి చెప్పకురా,” అంది. 2021లో అమ్మ పోయింది. చెప్పలేదు. అక్క కూడా ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇక మొన్నటి సంగతి. మా మేనల్లుడికి పన్నెండేళ్ళు. ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ అనే ఆట ఆడుతున్నాడు. ఎరిక్ బరోన్ అనే కుర్రవాడు నాలుగేళ్ళకి పైగా ఒక్కడే కూర్చుని తయారుచేసి 2016లో విడుదల చేశాడు. తాతగారి పొలం మనకి వస్తుంది. దున్నుకోవాలి, వూళ్ళోవాళ్ళతో స్నేహం చెయ్యాలి. పెళ్ళికి ఆరుగురు ఆడవాళ్ళు, ఆరుగురు మగవాళ్ళు వున్నారు. మనం ఆడైనా మగైనా, ఎవర్నయినా చేసుకోవచ్చు. వూళ్ళో ఎవరూ అడ్డుపడరు. నాకూ ఒక పొలం తెరిచి ఇచ్చి వాడు అడిగాడు:

“మావయ్యా, నువ్వెవర్ని చేసుకుంటావు?”

ఇంటికొచ్చిన పెద్దలకి ఇరవయ్యేళ్ళుగా ఈ ప్రశ్నకి అబద్ధాలే చెప్పాను. “దేవుని చిత్తం” అన్నాను, “చూద్దాం” అన్నాను. వాడితో అబద్ధం రాలేదు. సముద్రపొడ్డున గుడిసెలో ఒంటరిగా వుండి నవల రాసుకునే ఎలియట్‌ని చూపించాను.

వాడు తల గోక్కున్నాడు. “ఆయనకి దానిమ్మపండంటే ఇష్టం. రోజూ ఇస్తే తీసుకోడు, వారానికి రెండుసార్లే ఇవ్వాలి. ముందు చెట్టు పెట్టు.”

వెనక్కి తిరిగితే గుమ్మంలో అక్క, చేతిలో పకోడీల పళ్ళెం. ఎంతసేపటి నుంచి నిలబడిందో! పళ్ళెం బల్లమీద పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ తెరకేసి వంగి చూసింది.

“ఆ జుట్టువాడెందుకురా? ఆ కళ్ళజోడు డాక్టరు బుద్ధిమంతుడిలా లేడూ?” అంది.