దోష సంకేతాలు

కృష్ణానదికి వరద పెరిగినపుడు విజయవాడలోని ప్రకాశం బ్యారేజీ వద్ద మొదటి ప్రమాద హెచ్చరికను, వరద ఇంకా పెరిగితే రెండవ ప్రమాద హెచ్చరికను జారీ చేస్తారు. హెచ్చరిక క్లుప్తమే, కాని దానిని విని దిగువనున్న లంక గ్రామాల ప్రజలు తమ కర్తవ్యాన్ని నిర్ణయించుకుంటారు. డేటాబేస్ పంపే దోష సంకేతాలు కూడా ఇటువంటివే.

విజయవాడ నగరపాలక సంస్థ 1998లో 'వాయిస్' అనే ఆన్‌లైన్ సమాచార కేంద్రాన్ని ప్రారంభించింది. జనన, మరణ ధ్రువపత్రాల జారీ, పన్నుల వసూలు వంటి సేవలను అది కంప్యూటరీకరించింది. అనంతర కాలంలో ఇటువంటి సేవలు వెబ్ ద్వారా ఇంటి వద్దకే వచ్చాయి. పౌరుడు నింపిన వివరాలను సర్వర్‌లోని స్క్రిప్టు డేటాబేస్‌కు అందజేస్తుంది. వాటిని స్వీకరించలేనపుడు డేటాబేస్ ఒక సంకేతాన్ని తిప్పి పంపుతుంది.

1992 నాటి ఎస్‌క్యూఎల్ ప్రమాణం ఇందుకై ఐదు అక్షరాల సంకేతాన్ని నిర్దేశించింది. అందులో మొదటి రెండు అక్షరాలు దోషం ఏ తరగతికి చెందినదో తెలుపుతాయి. '08' అంటే అనుసంధాన లోపం. '23' అంటే నియమోల్లంఘన.

ఒక గృహస్థు ఆస్తిపన్ను చెల్లిస్తుండగా అనుసంధానం తెగిపోయిందనుకోండి. చెల్లింపు నమోదైనదో లేదో స్క్రిప్టుకు తెలియదు. సంకేతాన్ని పట్టించుకోక 'విజయవంతం' అని చూపితే, నమోదు కాని చెల్లింపును నమ్మి అతడు బకాయిదారుడు కావచ్చు. 'విఫలం' అని చూపితే రెండవసారి సొమ్ము చెల్లించవచ్చు. అందుచేత ప్రతి చెల్లింపుకు ముందుగానే ఒక ప్రత్యేక సంఖ్యను కేటాయించి, ఆ సంఖ్య ఒక్కసారి మాత్రమే నమోదు కావాలని డేటాబేస్‌లో నియమం విధించాలి. అదే సంఖ్యతో స్క్రిప్టు తిరిగి ప్రయత్నించినపుడు, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ ఆ సంఖ్య విషయంలో 1062 అనే సంకేతం పంపితే, మొదటి నమోదు భద్రంగా ఉన్నదని అర్థం. అప్పుడు దోష సంకేతమే పౌరునికి రక్షణ అవుతుంది.

సంకేతాన్ని గ్రహించడంతోనే స్క్రిప్టు బాధ్యత తీరదు. సాంకేతిక వివరాలను యథాతథంగా తెరపై చూపితే సామాన్యుడు కలవరపడతాడు. దుర్బుద్ధి గలవారికి డేటాబేస్ నిర్మాణ రహస్యం తెలిసిపోతుంది. కనుక సంకేతాన్ని, సమయాన్ని సర్వర్ చిట్టాలో నమోదు చేయాలి. పౌరునికి మాత్రం "మీ చెల్లింపు ఇంకా నిర్ధారణ కాలేదు, మరల చెల్లించవద్దు" అని తేట తెలుగులో చెప్పాలి.

దోషం కలగడం యంత్రానికి సహజం. దానిని దాచక, సకాలంలో గుర్తించి సరిదిద్దడమే స్క్రిప్టు రాసేవారి ధర్మం.